తడి జాకెట్టు

పండుమిరపకాయల పచ్చడిలో రాళ్లుప్పు వేసి కలుపుతుంటే తడిసిన ఉప్పు వాసన చేతులకు పట్టుకుంది. మిరప ఘాటుకు ఇంట్లో అందరూ తుమ్ముతున్నారు. నాకు మాత్రం ఆ ఉప్పు వాసనకు సుగుణ గారు గుర్తొచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో, నేను వైద్యం చేయించుకున్న చర్మవైద్యుడి దగ్గర నర్సు ఆవిడ.

అప్పట్లో నేను మంగళగిరిలో ఒక చీరల కొట్లో పనిచేసేదాన్ని. చీర నా భుజం మీద వేసుకుని కొనేవాళ్లకు చూపించాలి. సోరియాసిస్ ముదిరాక ఒకరోజు నల్లచీర మీద నా భుజం నుంచి తెల్లటి పొట్టు రాలింది. చూస్తున్నావిడ చీరను వేలి కొనతో పక్కకు తోసింది. మర్నాటి నుంచి యజమాని నన్ను వెనక గదిలో చీరలు మడతపెట్టమన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, కానీ నాకు గొప్పగా వచ్చిన పని చీర వేసుకుని చూపించడమొక్కటే. ఆ గదిలో ఎన్నిసార్లు ఏడ్చానో.

ఉప్పునీళ్ల తొట్టెలో నాని, ఒళ్లు కడుక్కోకుండా వెంటనే అతినీలలోహిత దీపాల పెట్టెలో నిలబడాలన్నారు డాక్టరు గారు. వారానికి మూడుసార్లు బస్సెక్కేదాన్ని. సుగుణ గారు పసిపిల్లల స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి నీళ్ల వేడి చూసేవారు.

"దిగమ్మా, నువ్వేం మామిడికాయ ముక్కవి కాదులే, ఊరిపోవు," అని నవ్వి, తెర వేసి బయటికి వెళ్లిపోయేవారు.

నెలన్నరకు చేతులు నున్నబడ్డాయి. భుజాలు, వీపు మాత్రం అలాగే ఉన్నాయి. "నా ఒంటికి ఈ వైద్యం పడదండీ, మానేస్తాను," అని చెప్పి సంచి తీసుకున్నాను.

"ఆగు. ఆ సంచి కారుతోందేంటి?"

తెరిచి చూశారు. అందులో తడి జాకెట్టు, తడి లంగా ఉన్నాయి. ఒంటరిగా ఉన్నా ఒంటిమీద బట్టతోనే స్నానం చేయడం అమ్మ నేర్పిన అలవాటు. పైగా ఆ వీపును రెండేళ్లుగా మా ఆయనకు కూడా చూపించలేదు. తొట్టెలోనూ, దీపాల ముందూ వాటితోనే ఉన్నాను.

"నీళ్లు బట్టలోంచి పోతాయే పిచ్చిదానా, వెలుగు పోతుందా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. "తప్పు నాదమ్మా. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. ఏదీ, నన్ను చూడనివ్వు."

నా వీపు మీద ఉత్త అరచెయ్యి ఆనించారు. "ఇంతేనా? ఇన్నాళ్లూ దాచింది దీన్నేనా?"

అంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు. కొత్త చోటు కాలకుండా, డాక్టరు గారిని అడిగి, వీపుకూ భుజాలకూ మొదటి రోజు ఇచ్చినంత కొద్ది వెలుగుతోనే మళ్లీ మొదలుపెట్టించారు.

కొన్ని నెలలకు నేను తిరిగి కొట్టు ముందుకొచ్చాను. ఒకరోజు సుగుణ గారు వచ్చారు. "నల్లది చూపించు. నీ భుజం మీద వేసి," అన్నారు. వేసుకున్నాను. పమిట నిమిరి, దాన్నే కొని పొట్లం కట్టించుకుని వెళ్లారు. ఆవిడకు నేను తీర్చలేని రుణం అది.

చలికాలం వస్తే ఇప్పటికీ వీపు మీద ఒకటో రెండో మచ్చలు లేస్తాయి, మళ్లీ ఆ దీపాల పెట్టె దగ్గరికే వెళ్తాను. సుగుణ గారు ఉద్యోగం మానేసి ఒంగోలు వెళ్లిపోయారు. కొత్త నర్సు తెర వేస్తూ ఎలా చెప్పాలా అని తడబడుతుంది. ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే నేను జాకెట్టు హుక్కులు విప్పేస్తాను.