గంజి ముందు తాగినవాడు దొంగా?

గంజికేంద్రం సంగతి చెప్పడానికి నేను లేచిన ప్రతి సభలోనూ ఎవరో ఒకరు వందన సమర్పణ మొదలుపెడతారు. ఇన్నేళ్ళుగా నాకు దక్కిన మర్యాద అదే. చెబితే వినలేదు కనుక రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందటి కరువులో కమలాపురం దగ్గర మా సేవాసంఘం గంజి పోసింది. వంట మైదుకూరు సాయిబుది, జనాన్ని వరుసలో నిలబెట్టే పని నాది. గంజిలో మందు కలిపి, మత్తులో పడినవాళ్ళను సముద్రం దాటించి కూలికి అమ్ముతారని పుకారు పుట్టింది. అందుకని సాయిబు రోజూ అందరి ఎదుటా తన చిప్పలో గంజి పోసుకుని తాగేవాడు. ఆ తర్వాతే వరుస కదిలేది.

మా అధ్యక్షులు కర్నూలు నుంచి తనిఖీకి వచ్చిన రోజు సాయిబు చిప్ప నోటిదాకా ఎత్తాడు.

"ఆకలిగొన్నవాళ్ళకన్నా ముందు తాగడం దొంగతనం," అన్నారు అధ్యక్షులు, అందరూ వినేలా.

సాయిబు గంజి మళ్ళీ గంగాళంలో పోయలేక, పారబోయలేక అలాగే నిలబడిపోయాడు.

వరుసలో ముందున్న అవ్వ అడిగింది: "ఏం సాయిబూ, ఈ పొద్దు తాగల్యా? ఏం కలిపినావప్పా?"

"అయ్యవారు వద్దంటాండారవ్వా."

"అట్లయితే ఆయప్పనే తాగమను."

నేను ముందుకెళ్ళి పుకారు సంగతి అధ్యక్షులకు విన్నవించాను. ఆయన గంగాళం వైపు, సాయిబు గడ్డం వైపు చూశారు. "నాకు ఈవేళ ఏకాదశి," అన్నారు.

"ఏకాదశి మొన్ననే పాయె గదప్పా," అంది అవ్వ.

జనం నవ్వారు గానీ ఒక్క చిప్పా ముందుకు రాలేదు. ఆయన జట్కా ఎక్కి వెళ్ళిపోయారు. చివరికి నేను తాగితే వరుస కదిలింది. సాయిబు మాత్రం గరిటె గంగాళం మీద అడ్డంగా పెట్టి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"దొంగ చేతి గంజి వాళ్ళకెందుకులేప్పా."

ఎంత బతిమాలినా ఆగలేదు. మరునాడు నీళ్ళు మోసే ఆమె కూడా రాలేదు. "రేపు ఆయప్ప నన్నేమంటాడో," అని కబురంపింది.

ఆ అధ్యక్షులే ఇప్పుడు సేవకులలో ఉత్సాహం నింపడం ఎలాగో కడపలో ఉపన్యాసాలిస్తున్నారు. చప్పట్ల మధ్య నేను లేచి సాయిబు సంగతి అడిగితే, నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు.

నా ఆరోగ్యం బాగానే ఉంది. సాయిబు ఇంకా మైదుకూరులోనే ఉన్నాడు. దొంగతనమన్న మాట పదిమందిలో అన్నారు, పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. అధ్యక్షులవారూ, మీరు మైదుకూరు వస్తారా, రారా? ఒక మాట చెప్పండి.