ముందు తిను

మా ఇంట్లో ఎవరైనా నన్ను రెస్టు తీసుకోమంటే నాకు భయం వేస్తుంది. పెళ్లయ్యాక ఆ మాట విన్నది రెండుసార్లే, రెండూ పురిటి మంచం మీద. అలాంటిది ఒక రోజు మా ఆయన ప్లాంటు నుంచి వచ్చి, బూట్ల లేసులు విప్పుకుంటూ, "నువ్వూ నీ ఫ్రెండ్సూ బీమిలి రోడ్లో ఏదైనా రిసార్టుకెల్లి రెండ్రోజులుండి రండి" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. లోపల్నుంచి మా అత్త, "ఎల్లమ్మా ఎల్లు, పిల్లల్ని నాను సూసుకుంతాను" అంది. నేను చీపురు పట్టుకున్న తీరులో కూడా వంక వెతికే మనిషి ఆవిడ. ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. అంతకు ముందు వారమే రక్త పరీక్ష, స్కానింగ్ చేయించుకున్నాను. ఎప్పుడు చూసినా నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తెల్లారకుండా లేచి మా ఆయన ఏ-షిఫ్టుకి క్యారేజీ కట్టాలి, తర్వాత పిల్లల బాక్సులు, ఆ తర్వాత ఎంత తుడిచినా పోర్టు బొగ్గు మసికి మళ్లీ నల్లబడే మా కంచరపాలెం గచ్చు. ఇది అలుపే గానీ రోగం కాదంటే నా స్నేహితురాలు వినలేదు. నర్సు కదా, తనే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లింది. "నాకూ కడుపులో మంటగా ఉంతంది" అని అత్త కూడా చెప్పులేసుకుని బయల్దేరి, తనూ స్కానింగ్ తీయించుకుంది. రిపోర్టులు మా ఆయన తెచ్చాడు. ఇద్దరికీ బాగానే ఉందన్నాడు. అప్పుడూ లేసులే విప్పుతున్నాడు.

రిసార్టుకి వెళ్లింది ముగ్గురం. నేను, ఆ నర్సు, మా వీధిలోనే జాకెట్లు కుట్టే ఇంకో ఆమె. ముగ్గురం ఒకే బడిలో చదువుకున్నాం. గదిలో మంచం మీద తువ్వాలుని హంసలా మడిచి పెట్టారు. వాళ్లిద్దరూ బాగుందన్నారు. అంతసేపు ఎవరి చేతుల్లో నలిగిందో అనుకుని నేను దానితో మొహం తుడుచుకోలేదు. కిటికీ గట్టు మీద వేలు పెట్టి రాశాను. మసి లేదు. మేం వస్తున్నామని అప్పుడే తుడిచి ఉంటారు.

ఈ వంకలన్నీ పైపైనే. నా కళ్లు వీళ్లిద్దరి మీదే ఉన్నాయి. నా బ్యాగు నన్ను మొయ్యనివ్వలేదు. కిటికీ పక్క మంచం నాకిచ్చారు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే టైలరమ్మ, నేను ఏమంటే దానికి తలూపుతోంది.

మధ్యాహ్నం భోజనానికి రొయ్యల వేపుడు, వంజరం పులుసు చెప్పారు. నర్సుకి తినేముందు ప్రార్థన అలవాటు. మామూలుగా రెండు ముక్కల్లో ముగించేస్తుంది. ఆ రోజు అన్నం చల్లారిపోయేదాకా కళ్లు తెరవలేదు. తెరిచేసరికి అవి ఎర్రగా ఉన్నాయి. రొయ్యలన్నీ నా పళ్లెంలోకే తోసి, "ముందు తినవే" అంది.

మా వాళ్లు ఎంత చెడ్డకబురైనా కడుపు నిండాక గానీ చెప్పరు. మా నాన్న పోయిన రోజు బడి నుంచి పిలుచుకొచ్చి, పక్కింటావిడ నాకు ముందు పెరుగన్నం తినిపించింది. ఆఖరి ముద్ద మింగాకే మా ఇంటి వైపు నడిపించింది. అప్పటి నుంచీ "ముందు తిను" అని ఎవరన్నా నాకు ముద్ద దిగదు.

అనుమానం పెనుభూతం అంటారు. నా భూతం ఆ రొయ్యల వేపుడులో కూర్చుంది. తింటే చెప్పేస్తారు, తినకపోతే చెప్పలేరు. అందుకని ఆకలి లేదన్నాను. వాళ్లిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. సాయంత్రం ఒడ్డున మురీ మిక్చర్ కొనిపెట్టారు, పొట్లం పట్టుకుని కూర్చున్నాను గానీ నోట్లో వేసుకోలేదు. ఎదురుగా అంత సముద్రం ఉంటే నేను మాత్రం నా పిల్లలకి జడలెవరు వేస్తారు, మా ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటాడా అని ఆలోచిస్తున్నాను. చేసుకుంటాడనే అనిపించింది. దాంతో ఆయన మీద కోపం కూడా వచ్చింది. రాత్రి మంచినీళ్లు తాగి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి కళ్లు తిరుగుతున్నాయి. ఎంత కాలమని పస్తులుంటాను? పళ్లెం లాక్కుని ఇడ్లీలన్నీ తిన్నాను, చట్నీతో సహా. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "తినేశాను. ఇప్పుడు సెప్పండి. నాకింకెన్నాల్లు?" అన్నాను.

నర్సు, "నీకా? నీకేటే, నీకు రక్తం తక్కువ, అంతే. మీ అత్తకే" అని భోరుమంది. కడుపులో గడ్డ, చెడ్డదేనట, ముదిరిపోయిందట. "మీ రెండు గదుల ఇంట్లో సెప్తే ఆవిడ సెవిన పడుద్దని మీ ఆయనే ఇక్కడ సెప్పమన్నాడు. ఆవిడకి తెలీకూడదు."

నాకు కాదు అన్న మాటకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎంతోసేపు ఉండలేదు. పిల్లలకి జడలు వేస్తూ ఆవిడ ఇంట్లో ఉందని గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఇంక అక్కడ ఉండబుద్ధి కాక మధ్యాహ్నానికి ముందే ఇల్లు చేరాం.

అత్త గుమ్మంలో కూర్చుని చేపలావిడ దగ్గర కొన్న కానాగడతలు బాగుచేస్తోంది. మొహం మామూలుగా పెట్టుకోవాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

"తిన్నావా?" అంది.

"తిన్నాను అత్తా."

"ఐతే సెప్పేసేరన్నమాట."

ఆవిడ చేప మీద నుంచి కన్ను తియ్యలేదు. "నాకెవులు సెప్పాలేటి? నీ మొగుడు నాల్రోజులై నా కంచంలో సేపకి ముల్లు తీసి పెడతన్నాడు. ఆడికి ఊహొచ్చేక ఏనాడు తీసేడు? నానే ఆడితో అన్నాను, దాన్ని రెండ్రోజులు సముద్రం కాడికి తోలరా అని. రేపట్నుంచి నన్ను సూసుకోడానికే సరిపోద్ది, మల్లీ ఎప్పుడు కదుల్తావో."

నాకు ఒళ్లు మండింది. కడుపులో అంత పెట్టుకుని నన్ను షికారుకి పంపుతుందా, పైగా నేను రెస్టు తీసుకోకుండా పస్తులుండి వచ్చానే! ఆ మాటే అరిచి చెప్పాను. ఆవిడ నవ్వింది. "రెండు పూటల సొమ్ము సముద్రంలో పోసేవు" అంది.

చేపల గిన్నె నా చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచింది. పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"బేగి పులుసెట్టు. ఆడు షిఫ్టు దిగి వచ్చీ ఏళయ్యింది. నాకు తెలుసని ఆడికి సెప్పకు." రెండడుగులు వేసి, తిరిగి చూసింది. "సెప్పకుండా ఉండలేవు, నాకు తెల్సు. అన్నం తిన్నాక సెప్పు."