అరచేతికి తగలని గాలి

మొన్న ఎండలు ముదురుతున్న రోజుల్లో మా ఇంట్లో ఏసీ మొరాయిస్తే కోడలు ఫోను చేసి మెకానిక్కును పిలిపించింది. అతను స్టూలెక్కి, మూత తీసి, లోపలి నుంచి దుమ్ము పట్టిన జాలీని లాగి నా ముందు పట్టుకుని, "మిషన్ మంచిగనే ఉన్నది తాతా, జాలీ మూసుకపోయింది. గాలే ఆడకుంటే సల్లదనం యాడికెల్లి వస్తది?" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అరవై ఏళ్ళ కిందట ఇంచుమించు ఇదే సంగతిని ఒక పెద్దమనిషి నాకు రోజూ చెప్పేవాడు. విని కూడా విననట్టు చేసి, ఆ పెద్దమనిషి పేరు పోగొట్టిన వాణ్ణి నేను.

నా ఈడు వాళ్ళకు వట్టివేళ్ళ తడికల గురించి వేరే చెప్పనక్కరలేదు. కరెంటు ఉన్న ఇళ్ళే తక్కువ, పంకా ఉన్న ఇళ్ళు ఇంకా తక్కువ అయిన ఆ రోజుల్లో, పాలమూరు పట్టణంలో కాస్త కలిగినవాళ్ళు పడమటి వాకిళ్ళకు తడికలు కట్టించుకునేవారు. వెదురు బద్దల చట్రంలో వట్టివేళ్ళు పరిచి, సుతిలి తాడుతో బిగించి, గంటకోసారి నీళ్ళు చల్లితే, నిప్పులు చెరిగే పడమటి గాలి ఆ వేళ్ళలోంచి దూరి చల్లగా, కమ్మటి వాసనతో గదిలోకి వచ్చేది. వాటిని కట్టడం, చిరిగితే బాగు చేయడం, ఎండాకాలం అయిపోగానే విప్పి కడిగి నీడన ఆరబెట్టడం మా ఉస్తాదు పని. ఆయన దగ్గర పనివాడిగా నేను చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. గొర్లు మేపుకుంటూ, ఉన్ని వడికి గొంగళ్ళు నేసుకునే ఇల్లు. బాపు నేసిన గొంగడిలో నీళ్ళు పోసి నాలుగు మూలలా పట్టుకుంటే చాలాసేపటి దాకా చుక్క కిందికి దిగేది కాదు. దాన్ని చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. దగ్గరగా, దిట్టంగా ఉన్నదే మంచి పని అని నా వేళ్ళకు పసితనంలోనే పట్టిన నమ్మకం అది. తడిక కట్టేటప్పుడు కూడా నా చేతులు గొంగడి పనే చేసేవి. ఉస్తాదు పక్కన కూర్చుని, "ఏమయ్యా గొంగడీ, మల్ల కుక్కుతున్నవా? ఇది కప్పుకునేదా, వాకిలికి కట్టేదా?" అని ఎగతాళి చేస్తూ, నేను పెట్టిన వట్టివేళ్ళలో సగం పీకేసేవాడు. కట్టడం అయ్యాక తడికను గాలికి ఎదురుగా నిలబెట్టి, నీళ్ళు చల్లి, వెనక వైపు తన అరచేయి పెట్టి చూసేవాడు. "చేతికి గాలి తగలాలె బేటా. తగలకుంటే అది తడిక కాదు, గోడ," అనేవాడు. ఆ పరీక్ష కాకుండా ఆయన ఇంటి నుంచి తడిక బయటికి పోయేది కాదు.

రెండేళ్ళు గడిచేసరికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. చట్రాలు, వేళ్ళు అన్నీ నా చేతి కింద పెట్టి, తాను వాకిట్లో కూర్చుని, ప్రతి తడికకూ చెయ్యి పెట్టి చూసినవా అని అడుగుతుండేవాడు. ఆ ఎండాకాలమే కొత్తకోటలో ఉన్న బిడ్డను చూడటానికి ఆయన నాలుగు రోజులు పోయి ఉండగా, ఒక వకీలు గారింటి తడికల పని పడింది. వకీలు గారి తండ్రి మంచం పట్టి ఉన్నాడు. పంకా గాలికి కీళ్ళు లాగుతున్నాయని దాన్ని ఆపించుకుని, తడిక గాలి మీదే రోజులు వెళ్ళదీస్తున్న ముసలాయన. పని ఒంటరిగా నా చేతికి రావడంతో నాకు కన్నూమిన్నూ కానలేదు. బాపు గొంగడిలాగే వెలుతురు చొరనంత దిట్టంగా రెండు తడికలు కట్టాను. తీసుకుపోయి బిగిస్తే ఆ ఇంటావిడ చూసి, ఈసారి ఎంత నిండుగా ఉన్నాయని మెచ్చుకుంది. అరచేయి మాత్రం పెట్టి చూడలేదు. మరిచిపోయి కాదు. పెట్టి చూస్తే గాలి తగలదేమో, అంత అందమైన పనిని విప్పాల్సి వస్తుందేమో అని లోపల ఎక్కడో తెలిసే పెట్టలేదు.

ఉస్తాదు తిరిగి వచ్చి మొదట అడిగిందే అది. "చెయ్యి పెట్టి చూసినవా?"

"చూసిన ఉస్తాద్," అన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం వకీలు గారింటి నుంచి మనిషి వచ్చాడు. గాలి చొరక, తడి మాత్రం నిండిన ఆ గదిలో ముసలాయన ఉడికిపోయి, చెమటలు కారి స్పృహ తప్పాడట. డాక్టరు వచ్చి చూస్తున్నాడట. ఉస్తాదు నా భుజం పట్టుకుని ఆ ఎండలో నడిచాడు. గదిలోకి పోయి తడిక మీద అరచేయి ఆనించి ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత రెండు చేతులతో గుప్పిళ్ళకొద్దీ వట్టివేళ్ళు పీకడం మొదలుపెట్టాడు. కాసేపటికి మంచం మీద దుప్పటి అంచు కదిలింది. ముసలాయన కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగాడు.

వకీలు గారు కోపంతో నా వైపు చూసి, "ఈ పిలగాడేనా కట్టింది?" అన్నారు.

"చేతులు వానియే గని, గింత మందం పెట్టుమన్నది నేను సాబ్," అన్నాడు ఉస్తాదు. "కండ్లు ఆనుతలేవు. అంచనా తప్పింది."

నేను నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నోరు విప్పలేదు. వచ్చే ఏడు నువ్వు రాకు ముసలాయనా, మంచి చూపున్నోన్ని చూసుకుంటం అన్నారు వకీలు గారు ఉస్తాదుతో. దారిలో ఉస్తాదు నా భుజం పట్టుకునే నడిచాడు. చెయ్యి పెట్టి చూశావా అని రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేవాణ్ణో, మళ్ళీ అబద్ధమే ఆడేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

చిన్న పట్టణంలో మాట ఎంతలో పాకుతుంది! ఆయన చూపు పోయిందని అందరికీ తెలిసింది, పని పోయింది. మరుసటి వేసవికి ఆయన్ని పిలిచే ఇళ్ళన్నీ నన్నే పిలిచాయి, వకీలు గారిల్లు కూడా. నేను పోయాను. పలచగా కట్టాను, అరచేయి పెట్టి చూశాను, మంచి పేరు తెచ్చుకున్నాను. ఉస్తాదు సామాను సర్దుకుని కొత్తకోటకు బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ దారిన బస్సులో ఎన్నోసార్లు పోయాను. ఒకసారి దిగాను కూడా. బస్టాండులో ఒక చాయ్ తాగి, ఏమని మొదలుపెట్టాలో తోచక తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాతి ఏడు ఆయన పోయాడని తెలిసింది.

తడికలు పోయి, గడ్డి నింపిన కూలర్లు వచ్చాయి. అవీ పోయి ఈ ఏసీలు వచ్చాయి. వీటికి తలుపులన్నీ మూసి ఉండాలి. ఆనాడు ఇల్లు చల్లబడాలంటే పడమటి వాకిలి తెరవాల్సి వచ్చేది. తడిసిన వేళ్ళ వాసన వీధిలో పోయేవాళ్ళకు కూడా ఇంత అందేది. మెకానిక్కు జాలీ కడిగి బిగించి, చూసుకో తాతా అని వెళ్ళిపోయాక, నేను మెల్లగా స్టూలెక్కి ఆ మిషన్ ముందు అరచేయి పెట్టాను. గాలి తగిలింది. కోడలు కంగారుగా వచ్చి దించేదాకా అలాగే ఉన్నాను.

చెయ్యి పెట్టి చూసినవా అని ఇప్పుడు అడిగేవారు లేరు. అడిగితే, ఆనాడు చూడలేదని చెప్పేవాణ్ణి.