గుప్పెడు వరిగడ్డి

మామిడిపళ్ల పెట్టె మూత తీయగానే వచ్చే వరిగడ్డి వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం గుండెల్లో దడ మొదలవుతుంది. అరవైల్లో నూజివీడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన సుభద్ర గారు కళ్లముందుకు వస్తారు. నేను ఆవిడ దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా కొత్తగా చేరాను.

ఆవిడ గాజు గొట్టంలో పాలిథీన్ ముక్క పెట్టి, పంపుతో గాలి లాగేసి, కాస్త సిలికోన్ నూనె ఆవిరి వదిలి, కరెంటు పంపేవారు. గొట్టం నిండా ఊదారంగు వెలుగు నిండేది. దాన్నే ప్లాస్మా అంటారు. అందులో ఉంచి తీసిన ముక్క మీద నీటిచుక్క నిలిచేది కాదు, దొర్లిపోయేది. గొట్టం ఎక్కడ పేలుతుందోనని నేను తలుపు దగ్గరికి జరిగేదాన్ని.

"భయపడితే పడ్డావులే అమ్మాయ్, మీటరు మీంచి మాత్రం కళ్లు తియ్యకు" అనేవారు.

పంపు వేరే కాలేజీ నుంచి అరువు తెచ్చింది. మామిడి వ్యాపారులు మెచ్చి కొత్త పంపు కొనిపెడితే పని సాగుతుంది, లేకపోతే అంతటితో సరి. వానల్లో గంపల మీద కప్పిన పాలిథీన్‌పై నీళ్లు నిలిచి, మడతల్లోంచి దిగి కాయలు మచ్చపడేవి. నీళ్లు నిలవని పాలిథీన్ కోసం వాళ్లు ఆశపడ్డారు. తీరా వాళ్లు రావడానికి ముందురోజు మా ముక్కల్లో ఒకదాన్ని, గంపల్లో పరిచే వరిగడ్డితో రుద్ది చూస్తే చుక్క అక్కడే అతుక్కుపోయింది. ప్లాస్మాలో పైన పట్టిన నూనె పొర అంత పల్చన.

"రేపు గడ్డి సంగతి ఎత్తకండి మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వ్యాపారుల్లో పెద్ద షావుకారు స్వయంగా కొత్త ముక్క మీద నీళ్లు పోశారు. చుక్కలన్నీ జారిపోయాయి.

"భలేగా ఉందండీ. ఇంకేం, పంపు తెప్పించేద్దాం."

నా ప్రాణం కుదుటపడేలోపే సుభద్ర గారు ఇటు తిరిగారు. "అమ్మాయ్, వాళ్లు తెచ్చిన గంపలోంచి గుప్పెడు గడ్డి ఇలా ఇవ్వు."

ప్రిన్సిపాల్ గారు దగ్గారు. గంపలోంచి గడ్డి లాగి ఇచ్చాను. ఆవిడ రుద్ది, నీళ్లు పోశారు. చుక్క కదల్లేదు.

"గంప మీద గంప పేరిస్తే గడ్డి ఇలాగే రాసుకుంటుందండీ. ఇంకా చాలా పని ఉంది."

"అయితే అయ్యాకే చూద్దాం లెండి" అని షావుకారు లేచారు.

పంపు వెనక్కి వెళ్లిపోయింది. గొట్టం తుడుస్తూ ఏడ్చాను. "ఎందుకు చూపించారండీ?"

"మనం చూపించకపోతే వాన చూపించేదమ్మా. కాయలు వాళ్లవి పోయేవి."

ఆవిడకు మళ్లీ పంపు దొరకలేదు. నేను తర్వాత పెద్ద ప్రయోగశాలల్లో పనిచేశాను. ప్రయోగం అద్భుతంగా వచ్చిన రోజున ఇప్పటికీ నాకు భయమేస్తుంది. భయపడుతూనే గడ్డి కోసం చేయి చాస్తాను.