ఎర్ర బొమ్మ కొన్న ఓనుయి

హనకవాదో పడవల రేవు పక్కనే మా టీకొట్టు. కింద టీ, పైన మేడగది. నెలకోసారి ఆ గదిలో కాగితం మీద అచ్చువేసిన పాత బొమ్మల వేలం జరిగేది. వర్తకులు చాపల మీద వరసగా కూర్చునేవారు. బొమ్మ చేతులు మారుతూ అందరి ముందూ తిరిగాక, ఒక్కొక్కరూ తన లక్క గిన్నె లోపల పేరూ ధరా రాసి, బోర్లించి, పాట నడిపేవాడి ముందుకు జరిపేవారు. నా చిన్నప్పుడు అవే బొమ్మల్లో పింగాణీ చుట్టి పంపేవారు. యోకొహామాలో తెల్లవాళ్లు కొనడం మొదలయ్యాక వాటికీ దశ తిరిగింది.

ఆ గదికి సరుకు తెచ్చేవాళ్లలో ఆడమనిషి ఓనుయి ఒక్కతే. సెంజు ఆమె ఊరు. పిల్లలు పుట్టలేదని మొగుడు పుట్టింటికి పంపేశాడు. అక్కడ అన్నభార్య సూటిపోటి మాటలు పడలేక, ఒక పెద్ద గుడ్డ వీపుకు కట్టుకుని, పాత బొమ్మలు కొంటూ ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. మగ వర్తకుడు గుమ్మం దగ్గర ఆగిపోయే ఇళ్లలో ఆమె వంటగది దాకా వెళ్లేది. ముల్లంగి ఊరగాయ నములుతూ, ఆ ఇంటి కోడలిని మెచ్చుకుంటూ, పెట్టెల అడుగున, తెరల వెనక ఏమున్నాయో చూసేది. నవ్వితే మా మేడ మీది దాకా వినిపించేది. నన్ను వదినా అనేది.

ఒక వసంతంలో మసుబుచి ఆమెను పక్కకు పిలిచాడు. మా వేలం నడిపేది ఆయనే.

"ఓనుయీ, ఈసారి ఎర్రవి కావాలి. యోకొహామా దొర ప్రాణం తీస్తున్నాడు."

"ఎర్రవి ఎక్కడ దొరుకుతాయండీ? పిల్లాడు లేచి తిరిగితే ఏట్లో వదిలేస్తారు కదా!"

మశూచి సోకిన పిల్లల పక్క దగ్గర అతికించే బొమ్మలవి. అంతా ఎర్ర రంగుతోనే అచ్చు వేస్తారు. మశూచి దేవుడికి ఎరుపంటే ఇష్టమని నమ్మకం. జబ్బు తగ్గగానే గడ్డితెప్ప మీద దేవుణ్ణీ, బొమ్మనూ కలిపి నీళ్లలో సాగనంపుతారు. అందుకే అవి మిగలవు.

మసుబుచి టీ చప్పరించాడు. "లేవని పిల్లలూ ఉంటారుగా."

ఓనుయి ఆ రోజు నవ్వలేదు.

కవగొయెలో బట్టలకు రంగులద్దేవాళ్ల ఇంట్లో అలాంటి బొమ్మ ఉందని ఆమెకు తెలిసింది. ఆ ఇంటి ముసలమ్మ పేరు ఓమికి. పెట్టె మూత తెరిచి చూపించింది. మూత లోపలివైపు అతికించిన కాగితం మీద కాళ్లు లేని గుండ్రటి దరుమ సన్యాసి, పక్కన గుడ్లగూబ. ఎరుపు ఇంకా కొత్తగానే ఉంది. ఒక మూలన మాత్రం గోళ్లతో గీకినట్టు కాగితం లేచిపోయింది.

"నా చిన్నకొడుకు సెన్మత్సు గీకాడు. దురద ఆపుకోలేక, ఒళ్లు గీక్కోనివ్వమని ఏడ్చి, దీన్ని గీకాడు," అంది ముసలమ్మ.

"అమ్ముతారా అత్తా?"

"పిచ్చిదానా! సాగనంపేది తగ్గినవాళ్లకి. వీడికి తగ్గలేదు. అందుకని నేను సాగనంపలేదు. ఇది ఇంట్లో ఉన్నంతకాలం వీడూ ఇంట్లోనే ఉంటాడు. తీసుకుపోతే ఎక్కడుంటాడు?"

ఓనుయి దండం పెట్టి వచ్చేసింది. కానీ ఆ శరత్కాలంలో మళ్లీ అటు వెళ్లేసరికి ముసలమ్మ బతికి లేదు. కోడలు వాకిట్లో పాత సామాను ఆరేస్తోంది.

"అదా! పట్టుకుపో అక్కా. ఆ పెట్టె దగ్గరికెళ్తే మా పిల్లలు జడుసుకుంటున్నారు," అంది.

ఓనుయి మూతకు ఆవిరి పట్టి, కాగితాన్ని చిరగకుండా ఊడదీసింది. రెండు చెక్కల మధ్య పెట్టి, గుడ్డలో చుట్టి, వీపుకు కట్టుకుంది. నదిలో దిగువకు వచ్చే పడవ ఎక్కింది. రేవు దాటాక మూట బరువెక్కిందని నాతో చెప్పింది. చెక్కలకు తడి తగిలిందేమోనని తడిమి చూసుకుంటే పొడిగానే ఉన్నాయి. అయినా భుజాలు లాగుతున్నాయి. మిట్టమధ్యాహ్నం, ఎండ కాస్తోంది. పడవవాడు తెడ్డు ఆపి ఆమెవైపు చూశాడు.

"నిద్రపోతున్నాడుగా, ఆ పిల్లాణ్ణి కాస్త దించి పడుకోబెట్టమ్మా. ఎంతసేపు మోస్తావు?"

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "ఫరవాలేదు," అంది. ఆ మాట ఎందుకన్నదో తనకే తెలియదంది.

వేలం రోజున టీ అందించడానికి నేనూ పైనే ఉన్నాను. ఎర్ర బొమ్మ గదంతా తిరిగింది. మామూలుగా ఒకరినొకరు ఎగతాళి చేసుకునే మనుషులు, ఆ గీతలున్న మూలను చూడగానే గొంతులు తగ్గించారు. గిన్నెలు బోర్లించి జరిపారు. మసుబుచి ఒక్కొక్కటే తిప్పి చదివాడు. అందరివీ అయిపోయాక ఇంకో గిన్నె మిగిలింది.

"ఇదెవరిదయ్యా?"

అందరి గిన్నెలూ అప్పటికే తిరగేసి ఉన్నాయి. ఆయన దాన్ని తిప్పాడు. లోపల పేరు లేదు, ధర లేదు. నల్ల లక్క మీద, చిన్నపిల్లలు అద్దం మీద ఊదితే పట్టేలాంటి మసక. మేం చూస్తుండగానే ఆరిపోయింది.

"కడిగిన తడి. ఏమ్మా, గిన్నెలు సరిగ్గా తుడవరా మీ కొట్లో?" అని మసుబుచి నామీద విసుక్కున్నాడు. కానీ ఆ గిన్నెను మళ్లీ ముట్టుకోలేదు. బొమ్మ ఆయన పాటకే పోయింది. రెండు రోజుల్లో యోకొహామా చేరింది, అక్కణ్ణుంచి ఓడెక్కింది.

బరువు మాత్రం ఓడెక్కలేదు.

ఓనుయి ఖాళీ వీపుతో మా కొట్టుకొచ్చి, మోకాళ్లు వంచుకుని, మెల్లగా కూర్చునేది. ఎవరితోనైనా నిలబడి మాట్లాడుతుంటే తెలియకుండానే భుజాలు అటూ ఇటూ ఊపేది, చంటిపిల్లను జోకొట్టే తల్లిలాగా. బేరగాళ్లు చాటుగా నవ్వుకున్నారు. "గొడ్రాలికి ఇప్పుడు పుట్టాడురోయ్," అన్నాడొకడు. ఆమెకు వినిపించింది. అంతకుముందైతే వాడికి నాలుగు తగిలించేది.

"వదినా, మెడ దగ్గర వేడిగా ఉంటోంది. వాడికింకా జ్వరం తగ్గలేదు," అంది ఒకరోజు.

పట్టుబట్టి గుడి పూజారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పెద్దమనిషి, ఎగతాళి చేయలేదు. బొమ్మ లేకపోతే లేదు, ఎర్ర కాగితంతో సాగనంపవచ్చన్నాడు. గడ్డితెప్ప అల్లించాడు. దాని మీద ఎర్ర కాగితం పరిచి, ఎర్ర చిక్కుళ్లతో వండిన ఎర్రన్నం ముద్ద పెట్టాం. పొద్దున్నే రేవు మెట్ల దగ్గర పూజారి మంత్రం చదివాడు. నది మీద పొగమంచు. ఓనుయి నీళ్లలోకి దిగి తెప్పను రెండు చేతులా పట్టుకుంది.

"ఇక వదులమ్మా," అన్నాడు పూజారి.

ఆమె వదల్లేదు. తల పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు నిలబడింది.

"నీళ్లు చల్లగా ఉన్నాయంటున్నాడు," అంది.

"ఓనుయీ! వదులు. నీ ప్రాణం తినేస్తాడు," అని అరిచాను.

"తిననీ వదినా. ఆ ముసలావిడ ఇన్నాళ్లు ఉంచుకుంది. ఇల్లు లేకుండా చేసింది నేను. ఇప్పుడు నేనూ వెళ్లగొడితే వీడెక్కడికి పోతాడు?"

తెప్పను గట్టు మీదికి లాగేసింది. ఆ ఎర్రన్నం ముద్ద విడదీసి, సగం తను తిని, సగం మెట్టు మీద ఆకులో పెట్టింది. పూజారి జపమాల చుట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఆమె చాలా ఏళ్లే బతికింది. బొమ్మలు తేవడం మానలేదు. కానీ ఎర్రవి కనబడితే చూడనట్టు పెట్టె మూసి వచ్చేది. మసుబుచి ఎన్నిసార్లు అడిగినా లేవనే చెప్పింది. నడుం వంగిపోయింది, మనిషి పుల్లలా అయింది. వేలం గదిలో ఆమె గోడకు ఆనుకునేది కాదు. ఆమె వెనక జానెడు చోటు వదిలి కూర్చోవడం అందరికీ అలవాటైపోయింది. ఎగతాళి చేసినవాడు కూడా వదిలేవాడు. ఎందుకని ఎవరూ పైకి అనలేదు.

చివరి జబ్బులో మా మేడగదిలోనే పడుకోబెట్టాను. వైద్యుడు వచ్చి, ఊపిరాడుతుందని, వెల్లకిలా తిప్పబోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు వదినా. కింద నలిగిపోతాడు."

పక్కకే పడుకోబెట్టాం. మూడో పొద్దున అలాగే పోయింది. ఒళ్లు కడిగేటప్పుడు వీపు చూడాలంటే భయమేసింది. చూశాను. ఏమీ లేదు. ముసలి వీపు, అంతే. కానీ మెడ దగ్గర చర్మం, మిగతా ఒళ్లంతా చల్లబడిన తర్వాత కూడా, చాలాసేపు వెచ్చగానే ఉంది.

మా దగ్గర శవాన్ని కూర్చోబెట్టి చెక్కతొట్టిలో పెడతారు. వడ్రంగి కొలతకు వచ్చాడు. కాస్త పెద్దది చెయ్యమన్నాను.

"ఇంత సన్నటి మనిషికి పెద్దది దేనికమ్మా?" అన్నాడు.

"వెనకవైపు చోటుండాలి," అన్నాను. అతను నా మొహం చూసి, మరేమీ అడగకుండా కొలత మార్చుకున్నాడు.