పదిహేనున్నర మెడ

జెర్మిన్ వీధిలోని మా చొక్కాల దుకాణంలో క్లైవ్ హాడ్లో గారు ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశారు. వచ్చిన మగవాళ్ల మెడలు, చేతులు కొలిచి, సరిపడే చొక్కా ఇవ్వడం ఆయన పని. పక్కనే టైల కౌంటరు నాది. అందుకని ఆయన విసుగంతా ముందు నా చెవిన పడేది.

"వయసడిగితే చెప్తారు, జీతమడిగినా చెప్తారు. మెడ కొలత అడిగితే మాత్రం పెళ్లినాటిది చెప్తారేంటయ్యా!" అనేవారు.

ఆ అక్టోబరులో ఒక శనివారం పెన్‌ఫోల్డ్ అనే పెద్దాయన వచ్చాడు. ఏదో బడికి ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాడట. నెలాఖరున పాత విద్యార్థుల విందులో మాట్లాడాలట.

"తెల్ల చొక్కాలు రెండు. పదిహేనున్నర," అన్నాడు.

క్లైవ్ గారు ఆ మెడను ఒక్క చూపు చూశారు. ఎంత తగ్గించి చూసినా పదిహేడు అంగుళాల దగ్గరే ఉంది.

"ఒక్కసారి కొలుస్తానండీ. అర నిమిషం."

"అక్కర్లేదు. నా మెడ సంగతి నాకు తెలీదా?"

"పోనీ, పదిహేడు ఒకటి తొడిగి చూడండి సార్. ఊరికే."

"చూడవయ్యా, ముప్ఫై నాలుగేళ్లు బడి నడిపాను. నాకు లెక్కలు చెప్పకు."

క్లైవ్ గారు పదిహేనున్నరలే రెండు కట్టిచ్చారు. అనుకున్నట్టే బుధవారానికల్లా పెన్‌ఫోల్డ్ మళ్లీ దిగాడు. పొట్లం కౌంటరు మీద పడేసి, "ఉతికితే కుంచించుకుపోయాయి! ఇదేం బట్ట?" అని కేకలేశాడు.

క్లైవ్ గారు రెండో చొక్కా విప్పి చూశారు. మడత నలగలేదు. "దీన్ని కూడా ఉతికారా సార్? మేం పెట్టిన గుండుసూదులు అలాగే ఉన్నాయే."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "అయితే కుట్టడమే తప్పు కుట్టారు. పై బొత్తాం పెడితే ఊపిరాడటం లేదు."

గొడవ విని మేనేజరు వచ్చాడు. పెద్దాయనకు క్షమాపణ చెప్పి, మరో రెండు పదిహేనున్నరలు ఇప్పించాడు. వెళ్తూ వెళ్తూ క్లైవ్ గారితో, "ఆయన అడిగిందివ్వడానికి మీకేం కష్టం?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం క్లైవ్ గారు టీ కూడా ముట్టలేదు. "వాళ్లు అడిగిందిచ్చేందుకైతే ఇక్కడ నేనెందుకయ్యా? ఆ టేపు మేకుకు తగిలించి నన్ను ఇంటికి పొమ్మనొచ్చుగా!" అని నా మీద విరుచుకుపడ్డారు. పైగా ఆ రెండు చొక్కాలూ తిరిగొస్తాయని మా ఇద్దరికీ తెలుసు.

వచ్చాయి. ఈసారి పెన్‌ఫోల్డ్ తన పాత చొక్కా ఒకటి సాక్ష్యంగా తెచ్చాడు.

"ఇది మీ దుకాణందే. నిరుటిది. హాయిగా పడుతుంది. లేబులు చదవండి, ఎంతుంది?"

లేబులు మీద పదిహేనున్నర అనే ఉంది. క్లైవ్ గారు కాలరు పరిచి టేపు పెట్టారు. పదిహేడు! మళ్లీ పెట్టారు. పదిహేడే. అప్పుడు కళ్లద్దాలు సర్దుకుని లేబులు దగ్గరగా చూశారు. ఆకుపచ్చ అక్షరాలు. అలాంటి లేబుళ్లు మేం మానేసి తొమ్మిదేళ్లయింది. చుట్టూ ఉన్నది మిషను కుట్టు కాదు. ఒక మూల దారం తెంపి ఎత్తితే, కింద అసలు లేబులు కత్తిరించిన అంచు కనిపించింది.

"సార్, దీన్ని ఎవరో మార్చి కుట్టారు."

"ఎవరు మారుస్తారయ్యా? నా చొక్కాలు నా భార్యే..." అని పెన్‌ఫోల్డ్ ఆగిపోయాడు.

ఆయన భార్య ఆడ్రీ గారు ఫిబ్రవరిలో పోయారట. అంతకాలం ప్రతి చొక్కా ఆవిడే కొని తెచ్చేవారు. ఈయన ఈ వీధిలో అడుగుపెట్టడం ఈ నెలలోనే మొదలు. పాత పదిహేనున్నర చొక్కాల లేబుళ్లు దాచి, ఆవిడే పెద్ద కొలత కొత్తవాటికి కుడుతూ వచ్చారన్నమాట.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ నన్ను చంటిపిల్లాణ్ని చేసి ఆడించింది. ఒక్క మాట నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పే చూసుంటారు సార్," అన్నారు క్లైవ్ గారు. ఓపిక పూర్తిగా అయిపోయింది. "నేను మూడు వారాల్నుంచి చెప్తున్నాను. నా వల్లే కాలేదు."

నేను టైలు సర్దుతున్నట్టు తల దించుకున్నాను. పెద్దాయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ లేబులు కేసి చూసి, గడ్డం పైకెత్తాడు. "సరే, కొలవండి."

"పదహారూ ముప్పావు సార్."

"చూశారా! పదిహేడు కాదుగా!"

"పదహారూ ముప్పావుకు చొక్కా రాదండీ," అన్నారు క్లైవ్ గారు పళ్ల బిగువున.

పదిహేడు రెండు తీసుకున్నాడు. తొడిగి చూశాడు. కాలరులో రెండు వేళ్లు దూరాయి. బాగుందని మాత్రం అనలేదు. పాత చొక్కా చేతిలోకి తీసుకుని, ఊడిన మూలను బొటనవేలితో రాస్తూ, "దీన్ని మళ్లీ కుట్టిపెడతారా?" అని అడిగాడు.

క్లైవ్ గారు సొరుగులోంచి సూది తీసి, వెలుతురులో కూర్చుని నాలుగు కుట్లు వేసిచ్చారు. పెన్‌ఫోల్డ్ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఆడ్రీ కుట్టు ఇంతకంటే సన్నంగా ఉంటుంది."

క్లైవ్ గారు నా వైపు చూశారు. కళ్లు మూసి తెరిచారు. తర్వాత ఆ చొక్కా తీసుకుని, నాలుగు కుట్లూ విప్పి మళ్లీ మొదలుపెట్టారు.