పుట్టికి అవతలి అంచు

నా చిన్నప్పుడు, ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉంటాయి, కృష్ణ నడుమ మా పుట్టి కొద్దిలో మునగబోయింది. తప్పు నాదే. వలలో పెద్ద చేప మెరిసేసరికి, మా నాయనమ్మ వల లాగుతున్న వైపుకే నేనూ ఎగబడి వంగాను. అంచు నీళ్లను తాకింది. ఆమె వల వదిలేసి అవతలి అంచు మీదికి వెనక్కి పడింది. పుట్టి నిలిచింది. చేప పోయింది.

"సక్కగ కూసో పిల్లా! ఇద్దరం ఒక్కదిక్కే వంగితె మనల్నే చేపలు కూరొండుకుంటయి."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వల సర్దుకుంటూ రెండో ప్రపంచ యుద్ధం రోజుల నాటి సంగతి ఒకటి చెప్పింది.

మాది మిర్యాలగూడకు కింద, కృష్ణ ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, పెద్ద గంపలా ఉంటుంది. అప్పటికి నాయనమ్మ కొత్త కోడలు. ఒక పొద్దున, నీళ్ల మీద దిగే మిలిటరీ విమానం పొగ కక్కుతూ వచ్చి ఏటి నడుమ కూలింది. అందులో ఒక్కడే తెల్ల సిపాయి. రెక్క పట్టుకుని వేలాడుతున్నాడు, ఆ రెక్క మునుగుతోంది. ముందు వెళ్లిన పుట్టిలో నలుగురూ ఒక్కసారే అతని చేతులు అందుకోబోయారు. పుట్టి బోర్లాపడింది. ఈత వచ్చినవాళ్లు కనుక బతికారు.

రెండో పుట్టిలో మా తాత, ఆయన తమ్ముడు, నాయనమ్మ ఉన్నారు. తాత అరిచాడట.

"నువ్వు అవతలి అంచుకు పో. ఎనకకు వాలు. మేం గుంజేదాంక తల లేపకు!"

ఆమె కాళ్లు తన్నిపెట్టి, కొప్పు నీళ్లలో తడిసేదాకా వెనక్కి వాలింది. అన్నదమ్ములిద్దరూ సిపాయిని లోపలికి గుంజారు. అతను బోర్లా పడి నీళ్లు కక్కుతుంటే, ఆమె తెడ్డు అందుకుంది. ఒడ్డున ఊరంతా అతన్ని చుట్టుకుంది. కొత్త కోడలు కనుక ఆమె దూరంగానే నిలబడింది. అతన్ని బండిలో మిర్యాలగూడకు తీసుకుపోయారు.

"అందరు ఆ దొర మొఖం సూసిండ్రు. నేను మొగులును సూసిన," అని ఆకాశం వైపు చూపించి నవ్వింది.

ఊళ్లో ఆ కథ చెప్పినప్పుడల్లా గుంజినవాళ్ల పేర్లే వినబడేవి. నీకు కోపం రాలేదా అని అడిగాను.

"కోపమెందుకే? పుట్టికి ఎర్కే గద."

పెద్దయ్యాక నేను సూర్యాపేట దవాఖానలో నర్సుగా పనిచేసినన్నాళ్లూ, రోగి మంచం చుట్టూ ఇంటిల్లిపాదీ మూగితే, నా కళ్లు తలుపు దగ్గర చెప్పులు, టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషిని వెతికేవి. ముందు ఆ మనిషినే తిన్నావా అని అడిగేదాన్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

సిపాయి కోలుకున్నాడని తర్వాత కబురు వచ్చిందట. మీసాలు రాని కుర్రాడని తాత, బట్టతల పెద్దమనిషని చిన్నతాత చివరిదాకా పోట్లాడుకున్నారు. నాయనమ్మ సాక్ష్యం ఎలాగూ పనికిరాదు. అతను కుర్రాడో పెద్దవాడో మా ఇంట్లో నేటికీ తేలలేదు.